ఎవరికీ కబురు పంపని కెమెరా

ఢిల్లీలోని నా సహచర పాత్రికేయులకు నేను కొన్నేళ్లుగా ఒక వింత మనిషిగా కనిపిస్తున్నాను. మూడు లెన్సులున్న ఫోను దగ్గర ఉండగా, ప్యాంటు జేబులోంచి సబ్బు పెట్టె పరిమాణంలో ఉన్న నల్లని కెమెరా తీసి, వీధిలో పోయే రిక్షానో గోడ మీది పోస్టరునో ఫొటో తీసుకునేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వు రావడం సహజమే. “మీకూ పాతకాలం మీద మోజు పట్టుకుందా సార్?” అని ఒక యువ విలేఖరి అడిగాడు. మోజు కాదన్నాను. ఆపైన చెప్పవలసింది చాలా ఉంది గానీ, ఒక పార్టీ కార్యాలయం మెట్ల మీద పత్రికా సమావేశం కోసం ఎదురుచూస్తున్న మాకు అంత వ్యవధి దొరకలేదు. ఇక్కడ దొరికింది గనుక చెబుతున్నాను.

జాతీయ రాజకీయాలు రాసేవాడికి కెమెరాతో పనేమిటన్న సందేహం ముందు తీరాలి. నేను ఫొటోగ్రాఫర్‌ను కాను. నా ఫొటోలు ఏ పత్రికలోనూ అచ్చుకావు, కావాలన్న కోరికా లేదు. నాకు ఫొటో అంటే నోటుబుక్కులో మరొక పేజీ. ఒక నియోజకవర్గంలో మూడు రోజులు తిరిగి వచ్చాక నాయకుల మాటలు నోటుబుక్కులో మిగులుతాయి. కుళాయి దగ్గర బిందెల వరుస ఎంత పొడవుందో, రేషన్ దుకాణం తలుపు మీద ఏ నోటీసు అంటించి ఉందో, ఏ ఇంటి కప్పు మీద ఏ జెండా ఎండకు ఎంత వెలిసిపోయిందో ఫొటోల్లో మిగులుతాయి. ఓటరు మనసు ఎటు ఉందన్నది నాయకుడి ఉపన్యాసంకంటే ఆ వెలిసిన జెండాయే మెరుగ్గా చెప్పిన సందర్భాలు నాకు తెలుసు. ఈ పనికి చాలాకాలం ఫోనునే వాడాను. మానుకోవాలన్న ఆలోచన జంషెడ్‌పూర్‌లో పుట్టింది.

ఉత్తరాంధ్ర వారికి ఆ ఊరి పేరు ‘టాటా’. సోంపేటలోనో ఇచ్ఛాపురంలోనో ఎవరైనా “మా పెదనాన్న టాటాలో ఉంటాడు” అంటే కంపెనీలో అని కాదు, ఊళ్లో అని అర్థం. సాక్చి అనే పల్లె, దానికి దగ్గరలో కాలీమాటీ అనే రైల్వే స్టేషను, అంతే అప్పట్లో. 1912లో అక్కడ మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ చోటికి జంషెడ్‌పూర్ అని పేరు ప్రకటించాడు, స్టేషను టాటానగర్ అయింది. కొలిముల పని కోసం రైలెక్కిన శ్రీకాకుళపు కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు కద్మాలోనూ సోనారీలోనూ ఉంది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. 2011 జనాభా లెక్కల నాటికే 13 లక్షలు దాటిన ఈ పట్టణ సముదాయంలో మాంగోకూ ఆదిత్యపూర్‌కూ జుగ్‌సలాయీకీ పురపాలక సంస్థలు ఉన్నాయి గానీ, నడిబొడ్డున ఉన్న జంషెడ్‌పూర్ మాత్రం నోటిఫైడ్ ఏరియా కమిటీ కిందే ఉండిపోయింది. నీళ్లు, వీధిదీపాలు, చెత్త వంటివి కంపెనీ అనుబంధ సంస్థ చూసుకుంటుంది. పార్లమెంటుకు ఓటు వేస్తారు, శాసనసభకు ఓటు వేస్తారు, తమ వీధి కాలువ గురించి ఓటు వేసే హక్కు లేదు. దేశంలో ప్రజాస్వామ్యం గురించి రాసేవాళ్లు ఏడాదికి ఒకసారైనా వెళ్లవలసిన ఊరు అది.

ఆ ఊరికి ఫొటోల కొరత లేదు. మాగ్నమ్ ఫొటోగ్రాఫర్ వెర్నర్ బిషోఫ్ 1951లో అక్కడికి వెళ్లి ఉక్కు కర్మాగారాన్ని చిత్రించాడు. మన సునీల్ జానా పరిశ్రమలనూ ఆదివాసులనూ కూడా ఒకే శ్రద్ధతో తీసినవాడు. రూసీ మోదీ సెంటర్‌లో కంపెనీ తన దస్తావేజులనూ పాత ఛాయాచిత్రాలనూ భద్రపరచింది. పొగగొట్టం, కొలిమి, అతిథిగా వచ్చిన ప్రధానమంత్రి, జూబ్లీ పార్కులో దీపాలు, ఇవన్నీ దొరుకుతాయి. దొరకనిది మామూలు దృశ్యం. లీజు భూమి అంచుల్లో, నదుల ఒడ్డున, ఎవరి పేరునా పట్టా లేకుండా పెరిగిన బస్తీల దృశ్యం. ‘86 బస్తీల మాలికానా హక్కు’ అన్న మాట వినిపించని ఎన్నిక అక్కడ జరగదు. కంపెనీతో భూమి లీజును 2005లో పునరుద్ధరించి, 1996 నుంచి 30 ఏళ్లకు వర్తింపజేసినప్పుడు ఆ బస్తీలను లీజు నుంచి తప్పించారు. తప్పించినంత మాత్రాన యాజమాన్యం రాలేదు. అలాంటి చోట ఒక గుమ్మం, ఒక మెట్టు, గుమ్మం పక్కన నాటిన మునగచెట్టు ఎప్పటి నుంచి ఉన్నాయన్నది రేపు ఏ రూపంలో ప్రశ్నగా వస్తుందో ఎవరికీ తెలియదు.

ఇంతవరకు ఫోనుతో పని జరగకపోవడానికి కారణమేమీ లేదు. కారణం 2017 మే 18న కనిపించింది.

ఆ వారాల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు సింగ్‌భూమ్ పల్లెల్లో వాట్సాప్ ద్వారా వ్యాపించింది. ఆ ఒక్క రోజున శోభాపూర్ వైపు నలుగురిని, బాగ్‌బేడా దగ్గరి నాగాడీలో ముగ్గురిని జనం కొట్టి చంపారు. నెత్తుటితో తడిసిన బనీనుతో నేల మీద కూర్చుని చేతులు జోడించి ప్రాణభిక్ష అడుగుతున్న ఒక మనిషి చిత్రం దేశమంతా తిరిగింది. పాఠకుల్లో చాలామందికి ఆ చిత్రం గుర్తుండే ఉంటుంది. నేను ఆలోచించింది ఆ చిత్రం గురించికంటే దాన్ని తీసిన వస్తువు గురించి. పుకారును మోసుకొచ్చింది ఫోను. హత్యను చిత్రించింది ఫోను. ఆ చిత్రాన్ని మళ్లీ ఊరూరికీ మోసుకెళ్లింది ఫోను. రక్తపు బనీను మనిషి ఎదుట నిలబడి దాన్ని పైకెత్తి పట్టుకున్నవాడు చూస్తున్నాడా, సాక్ష్యం రాసుకుంటున్నాడా, పండగ చేసుకుంటున్నాడా అన్నది చిత్రంలో తెలియదు. ఆ మనిషికీ తెలిసి ఉండదు. వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకసారి ఐదుగురికి మించి పంపకుండా మన దేశంలో పరిమితి పెట్టింది మరుసటి ఏడాది జూలైలో, మరెన్నో ఊళ్లలో మరెన్నో ప్రాణాలు పోయిన తరువాత.

రెండేళ్లకు, 2019 జూన్‌లో, అదే సరైకెలా–ఖర్సావా జిల్లాలో దొంగతనం నెపంతో ఒక యువకుణ్ణి స్తంభానికి కట్టి రాత్రంతా కొట్టి నినాదాలు పలికించారు. నాలుగు రోజుల తర్వాత అతను చనిపోయాడు. ఆ దృశ్యాన్నీ ఫోనుతోనే తీశారు. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ వీడియో బయటికి రాకపోతే అది ఒక చిన్న దొంగతనం కేసుగా, జైల్లో జరిగిన ఒక మరణంగా ముగిసిపోయేదేమో. 2023లో పదిమందికి పదేళ్ల చొప్పున శిక్ష పడింది. అందుచేత నేను ఫోను కెమెరా మీద యుద్ధం ప్రకటించడం లేదు. కళ్లెదుట ఘోరం జరుగుతుంటే ఇవాళ్టికీ నా చేయి ఫోను కోసమే వెళుతుంది, వెళ్లాలి కూడా. ఘోరం జరగని రోజులే మన జీవితంలో ఎక్కువ. నేను చెబుతున్నది ఆ రోజుల గురించి.

ఆ ఏడాది అక్టోబరులో కెమెరా కొన్నాను, ఒకరు వాడి అమ్మేసినదాన్ని. ఏ కంపెనీదో చెప్పను. ఇది ప్రకటన కాదు, అడగకుండా సలహా ఇచ్చే అలవాటూ లేదు. బరువు పావు కిలో. లెన్సు ఒకటే, పాత ఫిల్ము లెక్కలో చెప్పాలంటే 28 మిల్లీమీటర్లది. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే దగ్గరకు నడవాలి. కంటికి ఆనించి చూసే కిటికీ కూడా లేదు. లోపలి సెన్సర్ మాత్రం పెద్ద కెమెరాలంతటిది, ఖరీదైన ఫోన్ల ప్రధాన సెన్సరుతో పోల్చినా నాలుగైదు రెట్ల వైశాల్యం. దూరాన్ని ముందే రెండు మీటర్లకు బిగించి పెట్టుకుంటే మీట నొక్కిన క్షణానికే బొమ్మ పడుతుంది. జేబులోంచి తీసి మళ్లీ జేబులో పెట్టడానికి మూడు సెకన్లు. బజారులో మాత్రం ఇలాంటివి దాదాపు కనుమరుగయ్యాయి. జపాన్ కెమెరా పరిశ్రమల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటా పది కోట్లకు పైగా కాంపాక్ట్ కెమెరాలు ఎగుమతైతే, 2023లో ఆ సంఖ్య ఇరవై లక్షలకు కూడా చేరలేదు. మన ఇళ్లలో ఒకప్పుడు ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది, రీలుకు పన్నెండు బొమ్మలు. ఆ తర్వాత యాషికా వచ్చింది, ముప్పై ఆరు. పెళ్లికి ఒక రీలు, తిరుపతికి ఒక రీలు. ఆ పొదుపును తిరిగి తెచ్చుకోవాలన్న కోరిక నాకు లేదు. రీలు కడిగించడానికి డబ్బులు లేక ఏడాది పాటు కెమెరాలోనే ఉండిపోయిన ఫిల్ముల కాలాన్ని స్వర్ణయుగమనేవారితో నాకు పేచీ ఉంది.

ఫోనులో తీసిన ఫొటో పుట్టడమే కబురుగా పుడుతుంది. మీట నొక్కేలోపే దానికొక చిరునామా సిద్ధమవుతుంది. కుటుంబ గ్రూపుకా, కార్యాలయానికా, లోకానికా? కింద పంపే గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. మన ప్రమేయం లేకుండా ఒక ప్రతి ఎక్కడో దూరదేశపు సర్వరుకు చేరుతుంది. తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు దాని ఒంటి మీద పచ్చబొట్టులా ఉంటాయి. బాగ్‌బేడా వీధుల్లో ఫోను పైకెత్తినప్పుడల్లా నేను గమనించిన చూపు ఒకటుంది. ఆ చూపులో ఉన్నది కోపం కాదు, లెక్క. వీడు దీన్ని ఎక్కడ పెడతాడు, దాని కింద ఏం రాస్తాడు, అది తిరిగి మా ఊరికి ఏ రూపంలో వస్తుంది? 2017 తర్వాత ఆ ప్రాంతంలో ఆ లెక్క వేసుకోని మనిషిని తప్పుపట్టాలి గానీ వేసుకున్నవాణ్ణి కాదు.

అదే వీధిలో కెమెరా తీస్తే ప్రశ్న మారిపోయింది. “ఫొటో ఎప్పుడిస్తారు?” అని అడిగారు. ఫోనుకు “ఎక్కడ పెడతారు?”, కెమెరాకు “ఎప్పుడిస్తారు?” నాకు ఈ తేడా కనిపెట్టడానికి ఒక మధ్యాహ్నం చాలింది, దాని అర్థం ఆలోచించడానికి చాలాకాలం పట్టింది. మొదటి ప్రశ్నలో ఫొటో నాది, వారు అందులో సరుకు. రెండో ప్రశ్నలో ఫొటో వారిది, నేను దాన్ని తయారుచేసి ఇవ్వవలసిన పనివాణ్ణి. ఇంకొకటి కూడా ఉంది. ఫోనుతో మనం సందేశం చదువుతున్నట్టు నటిస్తూ ఎవరినైనా తీయవచ్చు. కెమెరాకు నటన చేతకాదు. పైకెత్తామంటే తీస్తున్నామనే. ఎదుటివాడు వద్దనడానికి ఒక క్షణం దొరుకుతుంది. కార్తియే బ్రెసాన్ తన లైకా కెమెరా మెరుపు కనిపించకుండా నల్ల టేపు అంటించి తిరిగేవాడన్నది ప్రసిద్ధం. మహానుభావుడు, ఆయన కాలం వేరు. ఈ కాలంలో నేను దాచుకోకపోవడమే మేలనుకుంటాను.

ఇక బొమ్మ సంగతి. ఫోను ఫొటో తీయదు, ఫొటో ఎలా ఉండాలో ఊహిస్తుంది అంటే అతిశయోక్తి అనిపించవచ్చు. గోరంత సెన్సరు మీద పడే వెలుతురు చాలదు గనుక అది మీట నొక్కకముందు నుంచే వరుసగా బొమ్మలు పట్టి, వాటిని కలిపి, చీకటిని ఎత్తి, వెలుగును దించి, అంచులకు పదును పెట్టి ఒక సగటును మన చేతికిస్తుంది. ఎంతో తెలివైన పనే. 2023 మార్చిలో ఒక ఔత్సాహికుడు చంద్రుడి బొమ్మను కావాలని మసకబరిచి, కంప్యూటర్ తెర మీద పెట్టి, చీకటి గదిలోంచి సామ్‌సంగ్ ఫోనుతో తీస్తే, ఆ మసకలో లేని గోతులు కూడా ఫొటోలో వచ్చాయి. కృత్రిమ మేధతో వివరాలను మెరుగుపరుస్తున్నామని ఆ సంస్థ వివరణ ఇచ్చింది. చంద్రుడి విషయంలో నష్టం లేదు. జంషెడ్‌పూర్ ఆకాశం విషయంలో ఉంది. కొలిమిలోంచి తీసిన ఎర్రని మడ్డిని కుమ్మరించినప్పుడు రాత్రి ఆకాశమంతా నారింజ రంగు పులుముకునేదని ఆ ఊరి పెద్దలు చెబుతారు. ఆ వెలుగులోనే ఆరుబయట చదువుకున్నామనేవారూ ఉన్నారు. ఇప్పుడు అంత లేకపోయినా, కర్మాగారం వైపు ఆకాశానికి రాత్రిపూట ఒక మురికి ఎరుపు ఉంటుంది. నా ఫోను దృష్టిలో అది దోషం. రంగును సరిదిద్ది, చీకటిని తుడిచి, సాయంత్రం ఆరు గంటల నీలాకాశాన్ని చూపిస్తుంది. నూరేళ్లుగా ఒక ఊరు ఏ వెలుగు కింద నిద్రపోతున్నదో ఆ వెలుగునే తీసేశాక ఇక ఆ ఫొటోలో జంషెడ్‌పూర్ ఏముంది? కెమెరాలో రంగును పగటి వెలుతురుకు బిగించి వదిలేస్తాను. ఎరుపు ఎరుపుగానే వస్తుంది, చీకటి చీకటిగానే. ఫోనులోనూ అలా బిగించుకునే వీలుంది కదా అంటారు. ఉంది. మూడు తెరలు దాటి లోపలికి వెళ్లి బిగించుకునేసరికి ట్రక్కు వెళ్లిపోతుంది.

ముఖాల విషయం ఇంకా సున్నితమైనది. ఛాయాచిత్ర కళ పుట్టుక నుంచీ తెల్లని చర్మాన్ని కొలతగా పెట్టుకుంది. రంగుల ముద్రణ సరిచూసుకోవడానికి కొడక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. గూగుల్ తన ఫోన్లలో నల్లని చర్మం రంగును ఉన్నదున్నట్టు చూపే ఏర్పాటు తెచ్చామని 2021లో ప్రకటించిందంటే, అంతవరకూ ఏం జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. మన బజారులో అమ్ముడయ్యే ఫోన్లలో ముఖాన్ని నునుపు చేసి తెలుపు చేసే సదుపాయం ఒక ఆకర్షణగానే వస్తుంది. సాక్చి బజారులో దోనెలు, పళ్లుతోమే పుల్లలు అమ్ముకునే హో, సంథాల్ స్త్రీల ముఖాలు నా ఫోనులో రెండు ఛాయలు తేలి, ముడతలు పోయి, ఏదో ప్రభుత్వ పథకం ప్రకటనలోని లబ్ధిదారుల్లా తయారయ్యేవి. జార్ఖండ్ ఉద్యమమంతా ‘మేము మీలాంటి వాళ్లం కాము’ అన్న ఒక్క మాట మీద అర్ధశతాబ్దం నడిచింది. ఆ మాటను ఒక యంత్రం రోజూ చిన్నగా తుడిచివేస్తూ ఉంటే అది అందం సంగతి మాత్రమే కాదనుకుంటాను.

2019 డిసెంబరు శాసనసభ ఎన్నికలు ఈ కెమెరాతో నేను తిరిగిన మొదటి ఎన్నికలు. జంషెడ్‌పూర్ తూర్పులో ముఖ్యమంత్రి రఘువర్ దాస్‌పై, టికెట్టు దక్కక బయటికి వచ్చిన సహచర మంత్రి సరయూ రాయ్ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. పదిహేను వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు కూడా. పోలింగుకు ముందు వారంలో ఒక విషయం గమనించాను. టీవీ కెమెరా కనబడితే నాయకుడు ముఖం సర్దుకుంటాడు. ఫోను కనబడితే సెల్ఫీ అనుకుని భుజం మీద చేయి వేస్తాడు. ఈ చిన్న నల్ల డబ్బా కనబడితే ఏం చేయాలో తోచదు. ఇది ప్రెస్సా, అభిమానా, పక్కింటాయనా? ఆ తోచనితనంలో రెండు సెకన్లు అతను మామూలు మనిషిగా ఉంటాడు. నాకు కావలసింది ఆ రెండు సెకన్లే.

ఆ వారపు ఫొటోలను ఇప్పటికీ తీసి చూస్తుంటాను. పెద్ద సభలవి కావు. చాయ్ గుమ్టీలు, సైకిలు మరమ్మతు దుకాణాలు, సందు మొగలు. ఒక గుమ్టీ ఫొటోలో ముందు వరుసలో అధికార పార్టీ కండువాతో నవ్వుతున్న మనిషి, వెనక బల్ల మీద అతని మాటలు వింటూ ఎటో చూస్తున్న నలుగురు. ఆ ఎన్నిక ఫలితం ఆ నలుగురి ముఖాల్లో ఉంది. ఫోనులో ‘పోర్ట్రెయిట్’ అనే ఏర్పాటుతో తీసి ఉంటే ముందున్న మనిషి చక్కగా వచ్చి, ఆ నలుగురూ అందమైన మసకగా కరిగిపోయేవారు. రాజకీయాల్లో వెనక ఉన్నవాళ్లను మసకబరిచే పనికి ఇప్పటికే చాలామంది ఉన్నారు, నా ఫోను కూడా ఎందుకు?

ఇక పాత్రికేయుడిగా నన్ను నిద్రపట్టనివ్వని విషయం. ఫోను అంటే ఫొటోల పెట్టె కాదు. నాతో మాట్లాడిన ప్రతివాడి నంబరు, వాళ్లు రాత్రి పదకొండు గంటలకు పంపిన కాగితాలు, నా బ్యాంకు, నా భార్య మందుల చీటీ, అన్నీ అందులోనే. 2021 జూలైలో పెగాసస్ జాబితా బయటపడినప్పుడు అందులో జార్ఖండ్‌కు చెందిన స్వతంత్ర పాత్రికేయుడు రూపేశ్ కుమార్ సింగ్ నంబరు ఉంది. రాంచీలోని తన నివాసం నుంచి అరెస్టయి, 2021 జూలై 5న కస్టడీలోనే కన్నుమూసిన స్టాన్ స్వామి కంప్యూటరులోకి బయటి నుంచి ఫైళ్లు చొప్పించారని ఆర్సెనల్ అనే అమెరికా ఫోరెన్సిక్ సంస్థ 2022 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2023 అక్టోబరు 3న న్యూస్‌క్లిక్ వ్యవహారంలో ఢిల్లీలో పదుల సంఖ్యలో పాత్రికేయుల ఇళ్ల మీద దాడులు జరిపి పోలీసులు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకెళ్లారు. మరుసటి నెలలో సుప్రీంకోర్టు దీన్ని తీవ్రమైన విషయంగా పేర్కొంటూ, పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు ఉండాలని కేంద్రానికి చెప్పింది. వీటి మధ్య ఫొటో తీయడం కోసం ఫోను బయటికి తీయడమంటే, పోలీసు కానిస్టేబులు ఎదుట నా బీరువా తాళాలు ఆడించడమే. కెమెరాను కూడా లాక్కోవచ్చు. లాక్కుంటే పోయేది ఆ రోజు బొమ్మలున్న ఒక కార్డు. నన్ను నమ్మి మాట్లాడినవాళ్లు అందులో లేరు.

సాక్ష్య చట్టం సంగతి క్లుప్తంగా. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు సమర్పించాలంటే ధ్రువపత్రం కావాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ పేర్కొనాలి. గ్రూపుల్లో తిరిగి తిరిగి కుంచించుకుపోయిన ఫొటో ఎక్కడ పుట్టిందో చెప్పేవాడు దొరకడు. కార్డులో ఉన్న మూల ఫైలుకు తీసినవాడు, తేదీ, యంత్రం అన్నీ స్పష్టం. నేను తీసేవి కోర్టు కోసం కాదు గానీ, ఆ స్పష్టత నాకే ఒక స్థిమితం.

ఇబ్బందులు లేవనను. జంషెడ్‌పూర్ గాలిలోని ఎర్ర ధూళి ఇలాంటి కెమెరాలకు పరమ శత్రువు. లెన్సు బయటికి వచ్చి లోపలికి పోయే సందులోంచి దూరి సెన్సరు మీద చేరితే ప్రతి ఆకాశంలోనూ ఒక మచ్చ. బ్యాటరీ రెండొందల బొమ్మలకే చల్లబడుతుంది, జేబులో రెండోది ఉండాల్సిందే. వాన పడితే చొక్కా లోపల దాచుకోవాలి. పైగా ప్రతి గేటు దగ్గరా కాపలావాడు ఫోనుతో తిరిగే వందమందిని వదిలేసి నన్నొక్కణ్ణే ఆపుతాడు. “పర్మిషన్ ఉందా సాబ్?” ఆ ఊళ్లో ఏది ప్రజల వీధి, ఏది కంపెనీ వీధి అన్నది గీత గీసినట్టు తెలియదు గనుక అతనికి నేను ఇచ్చే జవాబూ అంత స్పష్టంగా ఉండదు. అయినా ఆ సంభాషణ నాకు ఉపయోగపడింది. నోటిఫైడ్ ఏరియా అంటే ఏమిటో గ్రంథాలయంలో చదివినదానికంటే గేటు దగ్గర ఎక్కువ అర్థమైంది.

‘ఎప్పుడిస్తారు’ అన్న ప్రశ్నకు బదులు చెప్పాలి కదా. అందుకని వెళ్లిన ప్రతిసారీ కిందటిసారి తీసినవాటి ప్రింట్లు వెంట తీసుకుపోతాను. ఖర్చు తక్కువే, తిరుగుడు ఎక్కువ. నంబరు లేని ఇళ్లు, మారిన అద్దెలు, పేరు చెబితే ‘ఆయన పోయారు’ అనే జవాబు. ఇచ్చిన ప్రింటు ఏమవుతుందో చూశాను. ఫోనులో పంపిన బొమ్మను ఒకసారి చూసి పైకి తోసేస్తారు. కాగితం మీది బొమ్మ ట్రంకు పెట్టెలోకి వెళుతుంది, ఆధార్ కార్డు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలోకి.

2022 నవంబరులో జార్ఖండ్ శాసనసభ 1932 నాటి భూమి రికార్డు, అంటే ఖతియాన్, ఆధారంగా స్థానికులను నిర్ణయించే బిల్లును ఆమోదించింది. ఆదివాసుల కోణంలో చూస్తే ఆ డిమాండులో న్యాయం ఉంది. వారి పొలాల మీదే ఈ ఊరు లేచింది. తరతరాలుగా కొలిమి దగ్గర పనిచేసి, భూమి అన్నది ఎన్నడూ తమ పేరున లేని వలస కుటుంబాల కోణంలో చూస్తే అందులో భయం ఉంది. రెండూ నిజమే గనుక ఆ విషయం మీద ఢిల్లీలో కూర్చుని తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. బిల్లు ఆమోదం పొందాక కొన్ని నెలలకు కద్మాలో ఒక తెలుగు ఇంటికి ప్రింటు ఇవ్వడానికి వెళ్లాను. ఎనభై దాటిన ఆమె, గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని ఉండగా అంతకుముందు తీసిన ఫొటో అది. గోడ మీద ఆమె మామగారి స్టూడియో ఫొటో ఉంది, కోటు తొడుక్కుని, పూలకుండీ పక్కన నిలబడి. ఆయన సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఫర్నేసులో పనిచేశారట.

“కాయితం మీద ఇత్తానన్నావు, ఇచ్చినావు బాబూ” అని ఆమె ప్రింటును వెలుతురుకు పట్టి చూసుకుంది. తన ముడతలను చూసి నవ్వింది. తర్వాత వెనక్కి తిప్పి నా చేతికిచ్చింది.

“దీని ఎనకాల తారీకు రాయి. ఊరు పేరూ రాయి. సంతకం ఎట్టు.”

“ఏ ఊరని రాయమంటారమ్మా, జంషెడ్‌పూరనా, సోంపేటనా?”

“సోంపేట ఎందుకు రాత్తావు? నానిక్కడే కదేటి కూకున్నాను.”

ఇలాంటి ఫొటోకు ఏ కార్యాలయంలోనూ విలువ లేదని చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. అడగలేదు గనుక చెప్పలేదు. తారీకు వేసి, కింద కద్మా, టాటా అని తెలుగులో రాశాను. హిందీలో కూడా రాయమని ఆమె మనవడు పెన్ను మళ్లీ నా చేతికిచ్చాడు.